హైదరాబాదు – చికాగో: దూరమెంత? కాలమెంత?



మన తెలుగునాట నగరములలోనే గాక చిన్న పల్లెలలో సైతము నేడు తఱచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: "ఇక్కడినుండి అమెరికా యెంత దూరము? ఎంతసేపటి ప్రయాణము?" కుమారుడో కుమార్తెయో అచ్చట లేని వీథి అరుదైనది. కావున భూగోళశాస్త్రము చదువు పిల్లలకంటె వారి తాతలును అవ్వలును ఈ ప్రశ్నను ఎక్కువగా అడుగుచున్నారు. దీనికి ఒకరు పదమూడువేల కిలోమీటర్లందురు. మఱియొకరు పదునాఱు గంటలందురు. వేఱొకరు, "మధ్యాహ్నము బయలుదేరి ఆనాటి సాయంకాలమే దిగితిని" అందురు. ఇంకొకరు, "ఒకటిన్నర దినము పట్టినది" అని నిట్టూర్తురు. నలుగురును సత్యమే పలుకుచున్నారు. ఒక్కొక్కరు ఒక్కొక్క వేఱు ప్రశ్నకు ఉత్తరము చెప్పుచున్నారు. ఆ నాలుగు ప్రశ్నలను విడదీసి చూపుటయే ఈ ప్రసంగమున నా యుద్దేశము. ఉదాహరణమునకు శంషాబాదులోని హైదరాబాదు విమానాశ్రయమును, అమెరికాలో చికాగో నగరమునందలి ఓహేర్ విమానాశ్రయమును తీసికొందము.

మొదటి ప్రశ్న దూరము. గోడకు వ్రేలాడు ప్రపంచపటమును చూచినచో చికాగో మనకు పడమట, కొంచెము ఉత్తరముగా కనబడును. పటముపై బద్ద పెట్టి గీత గీసినయెడల ఆ గీత అరేబియాను, ఆఫ్రికా ఉత్తరభాగమును, అట్లాంటిక్ మహాసముద్రమును దాటి పోవును. ఆ గీత వెంట, దిక్కు మార్పక పోయినచో, సుమారు 16,100 కిలోమీటర్లు నడువవలెను. కాని భూమి గోళము. గోళమును పటముగా పఱచినప్పుడు ఉత్తరపు భాగములు సాగిపోవును. పాఠశాలలోని గోళము నొకదానిని తెచ్చి, హైదరాబాదుపై నొక వ్రేలును, చికాగోపై నొక వ్రేలును ఉంచి, నడుమ దారమును బిగించి చూడుడు. దారము పడమటికి పోదు, ఉత్తరమునకు పోవును. ఢిల్లీకి కొంచెము పడమరగా సాగి, కాశ్మీరపు కొండలను, మధ్యాసియాను, కజకిస్తానమును దాటి, ఉరల్ పర్వతముల ఉత్తరభాగమును తాకి, ఆర్కిటిక్ సముద్రముపై 79 అక్షాంశముల వఱకు ఎక్కి, గ్రీన్లాండు మంచుగడ్డలమీదుగా కెనడాలోనికి దిగి, హడ్సన్ అఖాతపు తూర్పుతీరము వెంట చికాగోను చేరును. ఆ దారము పొడవు, భూమి పరిమాణమున లెక్కించినచో, సుమారు 13,280 కిలోమీటర్లు. దీనిని గణితజ్ఞులు మహావృత్తమార్గ మందురు. గోళముపై రెండు చోట్ల నడుమ ఇంతకంటె దగ్గఱి త్రోవ లేదు.

ఇందొక విశేషము కలదు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. మన రెండు విమానాశ్రయముల నడుమ దూరము అందు మూడవ వంతునకు రవంత తక్కువ. అంశములలో చెప్పినచో 360లో 119½ అంశములు. ఆర్యభటుడు భూమి వ్యాసము 1050 యోజనములని చెప్పెను. ఆయన లెక్కనుబట్టి చుట్టుకొలత సుమారు 3,299 యోజనములగును. హైదరాబాదు – చికాగోల నడుమ సుమారు 1,095 యోజనములుండును. కిలోమీటరన్నను, మైలన్నను, యోజనమన్నను కొలబద్ద మాఱును గాని, మూడవ వంతు మూడవ వంతుగనే యుండును. భూమిపై నే రెండు తావుల నడుమనైనను దూరము చుట్టుకొలతలో సగమునకు, అనగా సుమారు 20,000 కిలోమీటర్లకు, మించుటకు వీలులేదు. కావున మన బిడ్డలు ఎంత దూరమేగినను ఈ లోకమున అంతకు మించి పోజాలరు.

విమానము ఈ దారపు త్రోవనే పోవునా? సామాన్యముగా దానికి చేరువగా పోవును గాని, సరిగా దానినే పట్టుకొని పోదు. అందులకు కారణములు మూడు. మొదటిది గాలి, దానిని గూర్చి ముందు చెప్పెదను. రెండవది రాజ్యముల సరిహద్దులు. ఆకాశమునకు గోడలు లేకున్నను అనుమతులు కలవు. 2019 ఫిబ్రవరి 27 మొదలు జూలై 16 వఱకు పాకిస్తాను తన గగనమార్గమును మూసినప్పుడు, ఢిల్లీనుండి పడమటికి పోవు విమానములు అరేబియా సముద్రమువైపు దిగి చుట్టి పోవలసివచ్చెను. 2025 ఏప్రిల్ 24న మఱల భారతీయ విమానములకు ఆ త్రోవ మూయబడగా, ఉత్తర అమెరికాకు పోవు కొన్ని విమానములు నడుమ ఐరోపాలో దిగి ఇంధనము పోసికొన్నవి. 2022లో ఉక్రెయిన్ యుద్ధము మొదలైన పిమ్మట రష్యా ఆకాశము అమెరికా విమానములకును ఐరోపా విమానములకును మూసికొనిపోయెను. మహావృత్తము మాఱలేదు, త్రోవ మాఱినది.

మూడవది రక్షణ. రెండు యంత్రముల విమానములో ఒక యంత్రము చెడినను, రెండవదానితో నియమిత కాలములో చేరుటకు వీలైన విమానాశ్రయము త్రోవ పొడవునను ఏదో యొకటి యుండవలెనని నియమము. 2023 జూన్ 6న ఢిల్లీనుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవుచున్న ఎయిరిండియా విమానము ఒకటి యంత్రలోపము కనబడగా రష్యా తూర్పుకొనలోని మగదాన్ పట్టణమున సురక్షితముగా దిగెను. ప్రయాణికులు వేఱు విమానము వచ్చువఱకు అచ్చటనే వేచియుండిరి. అట్టి మాఱుమూల పట్టణము కూడ త్రోవ నిర్ణయించువారి లెక్కలో ముందుగనే యుండును. ఎగురువానికి వంకర త్రోవ దోషము గాదు. దిగుటకు చోటు లేని తిన్నని త్రోవయే దోషము.

ఇక రెండవ ప్రశ్న, విమానము ఎగురు కాలము. పెద్ద విమానములు నేలకు పది పండ్రెండు కిలోమీటర్ల యెత్తున గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగముతో పోవును. 13,280ని 900చే భాగించిన పదునాలుగు గంటల ముప్పాతిక వచ్చును. పైకెక్కుటకును దిగుటకును పట్టు కాలమును, త్రోవలోని వంకరలను చేర్చినచో పదునైదు పదునాఱు గంటలగును. అయితే ఆ 900 వేగము గాలితో పోల్చినది, నేలతో పోల్చినది గాదు. గోదావరిలో పడవ నడపువానికి ఈ భేదము చెప్పనక్కఱలేదు. ఒకే తెడ్డు, ఒకే బలము; ఏటివాలున పోవునప్పుడు గట్టు వేగముగా వెనుకకు జరుగును, ఎదురేగునప్పుడు కదలనట్లుండును. ఆ యెత్తున పడమటినుండి తూర్పునకు బలమైన వాయుప్రవాహములు కలవు. వానిని ఇంగ్లీషువారు జెట్ స్ట్రీమ్ అందురు. అవి శీతకాలమున మఱింత బలముగా వీచును. గంటకు 100 కిలోమీటర్ల గాలి వెనుకనున్న విమానము నేలపై గంటకు 1,000 కిలోమీటర్లు పోవును. ఎదురున్న 800 మాత్రమే. మన ధ్రువమార్గమున చాలభాగము ఉత్తర దక్షిణముల సాగుటచే గాలి ప్రక్కనుండి తగులును గాని, పూర్తిగా ఎదురు రాదు. అయినను పోవుటకును వచ్చుటకును ఇంచుమించు ఒక గంట భేదము కనబడుట కలదు.

గాలి విలువను తెలిసికొనుటకు మంచి దృష్టాంత మొకటి కలదు. ఢిల్లీనుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు మహావృత్త దూరము సుమారు 12,380 కిలోమీటర్లు. ఎయిరిండియా విమానము మొదట పడమటగా, అట్లాంటిక్ సముద్రము మీదుగా, సుమారు 13,900 కిలోమీటర్లు పోవుచుండెను. 2016 అక్టోబరులో ఆ సంస్థవారు త్రోవ మార్చి తూర్పుగా పసిఫిక్ మహాసముద్రముమీదుగా పంపిరి. ఆ త్రోవ సుమారు 15,300 కిలోమీటర్లు. అనగా 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినను గాలి వెనుకనుండుటచే ప్రయాణము పదునాలుగున్నర గంటలలో ముగిసెను. ఇంచుమించు రెండు గంటలు కలిసివచ్చెను. దూరము పెరుగగా కాలము తగ్గిన విచిత్రమిది. కావున దూరమునుబట్టి కాలమును చెప్పబూనుట తొందరపాటగును.

ఇచ్చటనే కొందఱు తెలివిగల పిల్లలు ఒక శంక నడుగుదురు: "భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది గదా! విమానము పైకెగసి ఒకేచోట నిలిచినచో చికాగోయే దానిక్రిందికి రాదా?" శంక మంచిది, ఉత్తరమును సులభమే. భూమితో పాటు గాలియు తిరుగుచున్నది. గాలిలోని విమానమును తిరుగుచున్నది. పరుగిడు రైలుపెట్టెలో ఎగురు ఈగ వెనుకగోడకు కొట్టుకొనుచున్నదా? లేదు. ఆర్యభటుడు భూభ్రమణమును బోధించుచు, పడవలో ముందునకు పోవువానికి గట్టుమీది చెట్లు వెనుకకు పోవునట్లు తోచునని దృష్టాంత మిచ్చెను. ఆ పడవలో కూర్చుండి పైకి బంతి నెగురవేసిన, బంతి మఱల ఒడిలోనే పడును.

మూడవ ప్రశ్న గడియారము. చిక్కంతయు నిచ్చటనే కలదు. మన పూర్వులకిది క్రొత్త విషయము గాదు. లంకలో సూర్యుడు ఉదయించునప్పుడు సిద్ధపురమున అస్తమించుననియు, యవకోటియందు మధ్యాహ్నమనియు, రోమకదేశమున అర్ధరాత్రమనియు ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతముననే చెప్పియున్నాడు. సిద్ధాంతగ్రంథములలో దేశాంతర సంస్కారమని చెప్పునది ఇదియే. దినమునకు అఱువది గడియలు, చక్రమునకు 360 అంశములు. కావున ఆఱు అంశములకు ఒక గడియ. గంటలలో చెప్పినచో పదునైదు అంశములకు ఒక గంట.

భారతదేశపు గడియారమునకు ఆధారము 82½ అంశముల తూర్పురేఖాంశము. అది మన కాకినాడకు సమీపముననే పోవుచున్నది. చికాగో గడియారమునకు ఆధారము 90 అంశముల పశ్చిమరేఖాంశము. రెండును కూడిన 172½. పదునైదుచే భాగింపగా పదునొకండున్నర గంటలు. అనగా మనకు సోమవారము మధ్యాహ్నము పండ్రెండైనప్పుడు అచ్చట సోమవారము అర్ధరాత్రి దాటి అరగంట. మార్చి రెండవ ఆదివారము మొదలు నవంబరు మొదటి ఆదివారము వఱకు అమెరికావారు తమ గడియారమును ఒక గంట ముందునకు త్రిప్పుదురు. అప్పుడు భేదము పదిన్నర గంటలే.

ఇప్పుడొక లెక్క చేయుదము. జనవరిలో ఒక విమానము హైదరాబాదులో మధ్యాహ్నము 12 గంటలకు లేచి పదునాఱు గంటలు ఎగిరినదనుకొందము. దిగునప్పటికి మనకు మఱునాటి వేకువ 4 గంటలు. అందుండి పదునొకండున్నర తీసివేయగా చికాగోలో ఆనాటి సాయంకాలము 4 గంటల 30 నిమిషములు. టిక్కెట్టు చూచినవానికి నాలుగున్నర గంటల ప్రయాణముగా కనబడును. తిరుగుప్రయాణమున శనివారము రాత్రి 9 గంటలకు చికాగోలో లేచి పదునైదు గంటలు ఎగిరిన విమానము, హైదరాబాదులో ఆదివారము రాత్రి 11 గంటల 30 నిమిషములకు దిగును. టిక్కెట్టుమీద ఇరువదియాఱున్నర గంటలు! ఒకదానిలో కాలమును దోచుకొన్నట్లును, మఱియొకదానిలో దోపిడియైనట్లును ఉండును. 2021 జనవరిలో జోయా అగర్వాల్ నాయకత్వమున స్త్రీలే నడపిన ఎయిరిండియా విమానము శాన్‌ఫ్రాన్సిస్కోనుండి ధ్రువమార్గమున బెంగుళూరికి వచ్చెను. అది 9వ తేది రాత్రి లేచి 11వ తేది తెల్లవారకముందు దిగినది. పదియవ తేది ఎక్కడకు పోయెనని అడుగవచ్చును. గగనమున గడచినది సుమారు పదునేడు గంటలే.

గడియారముల భేదము తెలియనివారికిని ఉపకరించు చిన్న సూత్రమొకటి చెప్పెదను. పోవునప్పటి టిక్కెట్టు కాలమును, వచ్చునప్పటి టిక్కెట్టు కాలమును కూడి రెంటిచే భాగింపుడు. నాలుగున్నరయు ఇరువదియాఱున్నరయు కూడిన ముప్పదియొకటి. అందు సగము పదునైదున్నర. అదియే ఒక వైపు ప్రయాణమునకు సగటున పట్టు నిజమైన కాలము. ఒకవైపు తగ్గించిన భేదమును రెండవవైపు చేర్చుటచే అది తానే కొట్టివేయబడును. ఏడవ తరగతి పిల్లవాడు చేయదగిన లెక్క.

దీనితో ముడిపడిన ధర్మసందేహ మొకటి నన్ను పలువురు అడుగుచుందురు: అచ్చట జరిగిన జననమునకో మరణమునకో తిథి యేది? తిథి సూర్యచంద్రుల నడుమ నుండు దూరమునుబట్టి ఏర్పడునది. అది భూమియంతటికిని ఒకే క్షణమున మొదలిడి ఒకే క్షణమున ముగియును. వారమును గడియారమును మాత్రము ఊరినిబట్టి మాఱును. కావున చికాగోలో శనివారము రాత్రి 9 గంటలకు జరిగినదానిని మన పంచాంగమున శనివారము రాత్రి యెదుట వెదకరాదు. చలికాలమైనచో ఆదివారము ఉదయము 8 గంటల 30 నిమిషముల యెదుట చూడవలెను. ఉదయవ్యాప్తిని బట్టి నిర్ణయింపవలసిన పర్వములకు ఆ యూరి సూర్యోదయమునే గణించిన పంచాంగము కావలెను.

నాలుగవ ప్రశ్న ఇంటినుండి ఇంటికి పట్టు కాలము. 1948 జూన్ 8న ఎయిరిండియా ఇంటర్నేషనల్ వారి తొలి విమానము బొంబాయినుండి లండనుకు కైరో, జెనీవాల మీదుగా పోయినది. నాడు విమానమునకే నడుమ విశ్రాంతి కావలసియుండెను. నేడు సింగపూరునుండి న్యూయార్కుకు పదునెనిమిది గంటలకు పైగా, 15,300 కిలోమీటర్లకు మించి, ఒక్క బిగిని ఎగురగల విమానములు కలవు. హైదరాబాదు – చికాగోల నడుమను 2021 జనవరిలో ఎయిరిండియావారు నేరు విమానమును ఆరంభించిరి. అది కొంతకాలము నడచి ఆగిపోయినది. పిమ్మట మన ప్రయాణికులు దుబాయి, దోహా, ఢిల్లీ, లండను వంటి చోట్ల విమానము మాఱియే పోవుచున్నారు.

మాఱుటవలన దూరము మిక్కిలి పెరుగునని యెంచకుడు. హైదరాబాదునుండి దుబాయి సుమారు 2,550 కిలోమీటర్లు. అచ్చటనుండి చికాగో సుమారు 11,640. కూడిన 14,190. నేరుత్రోవకంటె ఎక్కువ 910 మాత్రమే. విమానమునకది ఒక గంట పని. కాలమును మ్రింగునది నిరీక్షణ. విమానము లేచుటకు మూడు గంటల ముందు చేరవలెను. నడుమ రెండు గంటలో, నాలుగో, ఒక్కొకప్పుడు పదియో కాచియుండవలెను. దిగిన పిమ్మట తనిఖీలు, సామానులు. ఆ పిమ్మట మన యూరిత్రోవ.

ఈ లెక్క తెలియకపోవుటవలన కలుగు బాధను నేను కన్నులార చూచితిని. ఒక చలికాలమున మా ప్రాంతమున ఒక వృద్ధుడు కాలధర్మము నొందెను. ఏకైక పుత్రుడు చికాగోలో నుండెను. అతడు, "శనివారము సాయంకాలము అయిదు గంటలకు ఇల్లు కదలుచున్నాను, పదునైదు పదునాఱు గంటల ప్రయాణము" అని ఫోనులో చెప్పెను. వినినవారు శనివారము అయిదింటికి పదునైదు చేర్చి, ఆదివారము ప్రొద్దుట ఎనిమిది తొమ్మిదింటికి వచ్చునని నిర్ణయించుకొనిరి. బంధువులు చేరిరి, పొయ్యి వెలుగలేదు. ఎనిమిది దాటెను, మధ్యాహ్నమాయెను, చీకటిపడెను. అప్పటికి ఆ తల్లికి భర్తపోయిన దుఃఖముపై మఱియొక భయము చేరినది: విమానమునకేమైనదో యని. కొందఱు ఇక నాగరాదనిరి, కొందఱు ఆగవలెననిరి, మాటలు పెరిగినవి.

కాగితము తీసికొని లెక్క వేయగా తేలినదేమి? చికాగోలో శనివారము సాయంకాలము 5 గంటలన్న మనకు ఆదివారము వేకువ 4 గంటల 30 నిమిషములు. ఇంటినుండి విమానాశ్రయమునకు ఒక గంట, అచ్చట మూడు, దుబాయికి పదుమూడు, అచ్చట నిరీక్షణ నాలుగు, హైదరాబాదునకు మూడున్నర, వెలుపలికి వచ్చుటకు ఒకటిన్నర, కోనసీమకు కారులో తొమ్మిది. మొత్తము ముప్పదియైదు గంటలు. ఆదివారము వేకువ నాలుగున్నరకు ముప్పదియైదు చేర్చిన సోమవారము పగలు మూడున్నర. రాజమహేంద్రవరమునకు విమానము సమయమునకు దొరికినచో కొంత తగ్గవచ్చును, అంతే. అతడు అబద్ధమాడలేదు, వీరు తప్పు వినలేదు. పదునైదు గంటలన్నది గగనమునందలి మాట. అయిదు గంటలన్నది చికాగో గడియారపు మాట. కావలసినది ఇంటి గుమ్మపు మాట. సోమవారమని తెలిసినతోడనే పెద్దలు ఫ్రీజరు పెట్టెను తెప్పించిరి, వచ్చినవారికి అన్నము పెట్టించిరి, తల్లిని పండుకొనబెట్టిరి. సోమవారము నాలుగు గంటలకు కొడుకు గుమ్మములో అడుగిడెను.

కావున శ్రోతలకు నా మనవి యిది. దూరదేశమునుండి బిడ్డలు వచ్చుచున్నామని చెప్పినప్పుడు, "ఎన్ని గంటల ప్రయాణము?" అని అడుగకుడు. "మన గడియారము ప్రకారము ఏ వారము, ఎన్ని గంటలకు శంషాబాదులో దిగుదువు? నడుమ ఎక్కడ, ఎంతసేపు ఆగుదువు?" అని అడుగుడు. ఆ రెండును చీటిమీద వ్రాసి గోడకు అంటింపుడు. బిడ్డలును తమ యూరి గడియారమును చెప్పక, తల్లిదండ్రుల గడియారమును చెప్పుట నేర్వవలెను. అది గణితము, అంతకు మించి ఆదరము. కాన్పునకు పోవు తల్లికిని, కడసారి చూపునకు వచ్చు కొడుకునకును ఆ యొక్క వాక్యము చేయు ఉపకారము ఇంతింతనరానిది.

భూమి చుట్టుకొలతలో మూడవ వంతును మన పిల్లలు నేడు ఒక పగలు, ఒక రాత్రి దాటివచ్చుచున్నారు. ఆ దారి పొడవును మనము తగ్గింపజాలము. దానిని సరిగా లెక్కించి, ఎదురుచూచువారి వేదనను తగ్గింపగలము.